మధురిమ పెండ్లి పందెం

గురప్పను ముంచింది వానలు కాదు, ఎదురింటి హులిగెమ్మ. ఆలూరు బస్సులో పక్కన ఎవరు కూర్చున్నా ఆయన మొదలుపెట్టేది ఈ మాటతోనే. వానలు ముంచాలంటే ముందు అవి రావాలి కదప్పా, అని కూడా అంటాడు.

హులిగెమ్మ చేసిన నేరం పెద్ద టీవీ కొనడం. కొని లోపల పెట్టుకోక వసారాలో పెట్టింది. ఆదివారం తప్ప రోజూ సాయంత్రం 'మూడో అంతస్తు' అని ఒక నవ్వుల సీరియల్ వస్తుంది. వీధిలోని ఆడవాళ్ళంతా చాటల్లో శెనక్కాయలు పోసుకుని వచ్చి, ఒలుచుకుంటూ చూస్తారు. సీరియల్ అరగంట. దాని మీద వాదులాట మర్నాడు మళ్ళీ సీరియల్ వచ్చేదాకా.

అందులో చిట్టిబాబు అని ఒక కుర్రవాడు అద్దెకుంటాడు. ఇంటి ఓనరు కూతురు మధురిమ. ఎదురు వాటాలో పంటి డాక్టరు నవ్య. చిట్టిబాబు ఎవరిని చేసుకుంటాడన్నది వీధి సమస్య. విశ్వాసమ్మ నవ్య కోసం ఆదివారం ప్రార్థన కూడా చేయించింది. మధురిమకు కన్నతండ్రి ఇంకెవరో ఉన్నాడని హులిగెమ్మ కనిపెట్టింది. ఊళ్ళో శెనక్కాయ పంట ఏమవుతుందో ఇంత శ్రద్ధగా ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించడానికి అక్కడ మలుపులేమీ లేవు. విత్తనం వేస్తారు, వాన రాదు, అంతే.

ఈ ఆడవాళ్ళలో గురప్ప భార్య అంజనమ్మది పెద్దపీట. ఆమె చెప్పింది చెప్పినట్టు జరిగేది. చిట్టిబాబు ఉద్యోగం పోతుందంది, పోయింది. మేనత్త దొంగ అంది, అయింది. సీరియల్ రాసేవాళ్ళు ఈమెను అడిగి రాస్తున్నారేమోనని గురప్పకు అనుమానం. మొగుణ్ణి అర్థం చేసుకోవడంలో మాత్రం ఆ తెలివి ఎందుకు పనికిరాదో ఆయనకు అంతుపట్టేది కాదు.

ఊళ్ళో ఆయన్ను బోర్ల గురప్ప అంటారు. తన చేనులో మూడు బోర్లు వేయించాడు. మూడింట్లోనూ దుమ్మే లేచింది. చేనుకు చిల్లులు పడ్డాయి, ఇంటికీ పడ్డాయి. అయినా నాలుగోచోట నీళ్ళున్నాయని ఆయన నమ్మకం. నేలలో నీళ్ళ జాడ చూసే ఆయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడుస్తుంటే, చేను ఈశాన్యం మూలలో అది నిట్టనిలువుగా లేచి నిలబడిందట. ఆ కాయ నిలబడినంత గట్టిగా ఈ ఇంట్లో తన మాట ఎప్పుడూ నిలబడలేదని గురప్ప బాధ.

బోరుకు దుడ్లు కావాలి. అమ్మడానికి ఇంట్లో మిగిలింది ఒక్కటే. అంజనమ్మకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమల కింద ఇచ్చిన నల్లరేగడి చేను. అది ఆమె పేరునే ఉంది. ఆ ఇంటికి ఏడాది పొడవునా తిండి పెట్టేది ఆ చేనొక్కటే. గురప్ప బతిమాలాడు, అలిగాడు, అన్నం మానేశాడు. ఆ పూట అన్నం మిగిలిందని అంజనమ్మ దూడకు పెట్టింది. సంతకం మాత్రం పెట్టలేదు.

అట్లాంటి సమయంలో ఒక శుక్రవారం పొద్దున గురప్ప సెల్లు బాగు చేయించుకోవడానికి గోపన్న అంగడికి పోయాడు. గోపన్న తన ఫోనులో 'మూడో అంతస్తు' చూస్తున్నాడు. అది శనివారం రావలసిన భాగం. నెలనెలా కొంత కడితే టీవీ కంటే ఒకరోజు ముందే ఫోనులో వస్తుందని గోపన్న గొప్పగా చెప్పాడు. గురప్ప తొంగి చూశాడు. పెండ్లి మంటపం. బాజాలు. చిట్టిబాబు మధురిమ మెడలో మూడు ముళ్ళూ వేస్తున్నాడు.

గురప్పకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జీవితంలో మొదటిసారి ఆయనకు నీళ్ళు పడ్డాయి.

ఇంటికి పోయి, అన్నం తింటూ తింటూ మాట కదిపాడు. ఆ చిట్టిబాబు మధురిమనే చేసుకుంటాడు చూడు, అన్నాడు. అంజనమ్మ మజ్జిగ పోస్తున్న చెయ్యి ఆపింది.

"నీకెట్ల తెలుసు?"

"అంతా మీకే తెలుసనుకుంటాండారా? నాకూ బుర్ర ఉండాది."

"ఉండాదిలే. యాడ పెట్టినావో ఎతుకుతాండా."

పందెం కట్టమన్నాడు గురప్ప. శనివారం మధురిమ పెండ్లి జరిగితే అంజనమ్మ తన చేను అమ్మకానికి సంతకం పెట్టాలి. జరగకపోతే ఆయన తన చేను ఆమె పేరున రాసిస్తాడు. అంజనమ్మ చాలాసేపు ఆయన ముఖం చూసింది. గురప్ప సంతోషం దాచుకోవడానికి ఊరగాయ బద్ద నోట్లో పెట్టుకుని చప్పరించాడు.

"సరే," అంది ఆమె. "కానీ తాళి ఒక్కటే చాలదు. సోమవారం సీరియల్ అయిపోయే లోపల ఆ పిల్ల కొత్తకోడలుగా అత్తగారి ఇంట్లో అడుగు పెట్టల్ల. అప్పుడే నువ్వు గెల్చినట్టు."

మెడలో తాళి పడినాక అత్తగారింటికి పోకుండా కర్నూలు ఆస్పత్రికి పోతుందా? గురప్ప ఒప్పుకున్నాడు. ఆడదాని మాట రేపు మారిపోతుందేమోనని భయం వేసి, ఆమె తమ్ముడు ఓబులేసును సాక్షిగా పిలిపించాడు. అంతటితో కూడా తృప్తి కలగలేదు. వాళ్ళ ఇలవేల్పు అహోబిలం నరసింహస్వామి. పటం ముందర అరచేతిలో కర్పూరం వెలిగించి ఆర్పి ప్రమాణం చేస్తే, ఆ ఇంట్లో మాట తప్పినవాళ్ళు ఇంతవరకూ లేరు. గురప్పే అంగడికి పరుగెత్తి కర్పూరం తెచ్చాడు. ఆయనే ముందు ఆర్పాడు. అరచేయి చురుక్కుమన్నా నవ్వుతూనే ఉన్నాడు. తరువాత అంజనమ్మ ఆర్పింది. ఆమె నవ్వలేదు.

శనివారం సాయంత్రం గురప్ప కూడా వసారాకు పోయి, ఆడవాళ్ళ మధ్య చోటు చేసుకుని కూర్చున్నాడు. చిట్టిబాబు తాళి కట్టాడు. గురప్ప లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అందరికీ ఉగ్గాని, బజ్జీలు తెప్పించాడు. బోరు వేసే లారీ అతనికి అక్కడినుంచే ఫోను చేసి మంగళవారం రమ్మన్నాడు.

ఆడవాళ్ళు మాత్రం పెండ్లి చూసినట్టు లేరు. బజ్జీలు తిన్నారు, శెనక్కాయలు ఒలిచారు. నవ్య కోసం ప్రార్థన చేయించిన విశ్వాసమ్మ కూడా కళ్ళు తుడుచుకోలేదు. ఆమె ఇంకో మిరపకాయ బజ్జీ అడిగింది.

సోమవారం సీరియల్ మొదలైంది. మంటపం, బాజాలు, అక్షింతలు. ఉన్నట్టుండి చిట్టిబాబు ముఖం మీద చెంబెడు నీళ్ళు పడ్డాయి. వాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. వాళ్ళమ్మ ఖాళీ చెంబు పట్టుకుని, ఎంతసేపురా నిద్ర, అని తిట్టింది. టీవీలో నవ్వులు వినిపించాయి. వసారాలో ఎవరూ నవ్వలేదు. అందరూ గురప్ప వైపే చూస్తున్నారు.

ఆయన ఇంకా మంటపం కోసమే టీవీలో వెతుకుతున్నాడు. అరగంటా అయిపోయింది. మధురిమ యాడికి పోయిందని హులిగెమ్మను అడిగాడు. వాళ్ళ నాయన ఇంట్లోనే ఉండాదన్నా, అని ఆమె జాలిగా చెప్పింది.

ఇంటికి వచ్చినాక గురప్ప గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అంజనమ్మ చాట మూలన పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏమయ్యా, నిజమైన పెండ్లి అయితే టీవీలో నెల ముందునుంచే దండోరా వేస్తారు. గంటకోసారి ప్రకటన. మనల్నందర్నీ పెండ్లికి రమ్మని పిలుస్తారు. ఈ పెండ్లికి ఎవరైనా పిల్సినారా?"

గురప్ప తల అడ్డంగా ఊపాడు.

"ఆ సీరియల్ పేరు కూడా నీకు తెల్దు. పొద్దున గోపన్న అంగడికి పోయి, మధ్యాన్నానికి మధురిమ పేరు తప్పు లేకుండా చెప్తివి. వాడు ఫోనులో ముందే చూస్తాడని వీధంతా తెల్సు. నువ్వు తాళి చూసి వచ్చినావని అప్పుడే అనుకుంటి. శనివారం తాళి అంటాండావు, పిలుపేమో లేదు. అది కల గాక ఏమి?"

గురప్ప అరచేతిలోని కర్పూరం మచ్చ రుద్దుకున్నాడు. ఆ చేను కూడా పోతే ఊళ్ళో నా ముఖమేం కావాల, అని గొంతు తగ్గించి అడిగాడు.

"నీ పేరున ఉంటే అది చేను కాదు, గుంత," అంది అంజనమ్మ. "నాలుగోది కూడా ఎండిపోతే నువ్వు ఏం చేస్తావో నాకు తెల్సు. మూడోది ఎండిన దినం పురుగుల మందు డబ్బా పట్టుకుని దొడ్లో కూర్చుంటివి. నేను చూడలేదనుకున్నావా? డబ్బాలోది పారబోసి నీళ్ళు పోసి పెట్టింది ఎవరనుకున్నావు?"

ఆ దినం తాగినదాని రుచి ఏమిటో గురప్పకు అప్పుడు అర్థమైంది. ఆ మందు కూడా కల్తీదే అనుకుని ఆయన ఇన్నాళ్ళూ అంగడివాణ్ణి తిడుతున్నాడు.

పొద్దున్నే ఓబులేసు ఆటో తెచ్చి వాకిట్లో నిలిపాడు. స్వామి ముందర కర్పూరం ఆర్పినావు బావా, నేను చూసినా, అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అదే నయం, ఇంకేమన్నా అని ఉంటే గురప్ప కొట్లాడేవాడు. దారిలో బోరు లారీ ఎదురొచ్చింది. అంజనమ్మే ఆటో ఆపించి, పనిలేదన్నా, ఎనక్కి పో, అని డ్రైవరుకు చెప్పింది. ఎవరు చెప్తాండారమ్మా అని డ్రైవరు అడిగాడు. చేను గలదాన్ని, అంది.

ఆలూరు రిజిస్ట్రాఫీసులో గురప్పను ఫోటో తీసేటప్పుడు తల ఎత్తమన్నారు. ఆయన ఎత్తలేదు. పక్కన కూర్చున్న అంజనమ్మ ఆయన గడ్డం పట్టుకుని ఎత్తింది. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నావా అని అక్కడి ఆయన అడిగితే, గురప్ప పెండ్లాం వైపు చూసి, అవునన్నాడు. తరువాత వేలిముద్ర వేశాడు. దాంతో తాతలనాటి మెట్టచేను, ఈశాన్యం మూలతో సహా, ఆయన పేరునుంచి పోయింది. మొత్తం రెండెకరాల ముప్పై ఏడు సెంట్లు.