ఎంఏ సీటు సాధన సమితి

ఇబ్రహీంపట్నం ముద్దుబిడ్డ, జనగళం పార్టీ మండల అధ్యక్షుడు భూపాల్ ఆ సోమవారం పదకొండు గంటలకు విలేకరుల సమావేశం పెట్టి చరిత్రాత్మకమైన ప్రకటన ఒకటి చేశాడు. ప్రభుదాస్ కూతురు వనితకు నగరంలోని పెద్ద యూనివర్సిటీలో ఎంఏ సీటు వచ్చేదాకా తాను కంటి మీద కునుకు వేయనన్నాడు. అక్కడికక్కడే 'వనిత ఎంఏ సీటు సాధన సమితి' ఏర్పాటైంది. కన్వీనర్ భూపాల్. కో-కన్వీనర్లు పదకొండు మంది, సలహాదారులు నలుగురు. సభ్యుల జాబితాలో వనిత పేరు లేదు. సమితి పేరులోనే ఉంది కదా, మళ్లీ ఎందుకన్నారు.

మున్సిపల్ ఎన్నికలు దగ్గర పడడానికీ దీనికీ ఏ సంబంధమూ లేదని ఆయన అడక్కుండానే చెప్పాడు.

నిజానికి వనిత ఎవరినీ ఏమీ అడగలేదు. డిగ్రీలో చరిత్ర చదివింది. ఎంట్రెన్స్ రాసింది, మంచి మార్కులే వచ్చాయి. ఇక బుధవారం సాయంత్రం ఐదులోగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పంపితే చాలు. రావిర్యాల దగ్గర కంపెనీ బస్సు నడిపే ప్రభుదాస్, బిడ్డ మీది సంబరంతో ఈ మాట చాయ్ హోటల్లో అన్నాడు. పక్క టేబుల్ దగ్గర భూపాల్ చాయ్ తాగుతున్నాడు. అంతే, మర్నాడే ప్రకటన.

ప్రకటన అయ్యాక అమ్మాయిని కూడా ఒకసారి చూడాలనిపించి ఆయన ఇంటికొచ్చాడు.

"చెల్లె, ఫికర్ చెయ్యకు. సీటు మనదే. ఏం చదువు గది?"

"ఎంఏ హిస్టరీ అన్నా."

"మస్తు! డాక్టరైనంక మనోళ్లకు ఫ్రీగ చూడాలె మరి."

"హిస్టరీల సూదులు, మందులు ఉండయి భూపాలూ," అంది తల్లి సుసన్న.

"ఏదుంటే గదే చూస్తది చిన్నమ్మా. కాకా, బిడ్డ ఒరిజినల్ సర్టిఫికెట్లు జర ఇయ్యి. ప్రెస్సోళ్లకు చూపియ్యాలె."

వనిత ఫైలును గుండెకు హత్తుకుంది. "అన్న అంత పెద్ద మనసుతోటి అడుగుతున్నడు గదా," అన్నాడు ప్రభుదాస్. స్కాన్ చేసిన కాపీలు ఫోన్లో ఉన్నాయన్న ధైర్యంతో వనిత ఇచ్చింది. భూపాల్ ఆ నీలం ఫైలును చంకలో పెట్టుకుని, అదేదో తన డిగ్రీయే అన్నంత హుందాగా వెళ్లిపోయాడు.

బుధవారం దరఖాస్తు ఊరేగింపు. మంచి ముహూర్తం మధ్యాహ్నం మూడుంపావుకు ఉందని పంతులు చెప్పాడు. చర్చి పాస్టరు కూడా సరేనన్నాడు. ముందు డప్పులు, వెనక ట్రాక్టరు, దాని మీద చేతులు జోడించిన భూపాల్. వనిత ట్రాక్టరు వెనక నడిచింది.

కిష్టా నడిపే ఇంటర్నెట్ సెంటర్‌లో నలుగురు పడతారు. నలభై మంది దూరారు.

"అన్నా, జర బయట నిలబడున్రి, గాలి ఆడుతలేదు," అన్నాడు కిష్టా.

"ప్రజలను బయట నిలబెట్టే పార్టీ కాదు మాది," అన్నాడు భూపాల్.

వనిత ఫారం నింపింది. సబ్మిట్ బటన్ నొక్కే భాగ్యం కన్వీనర్‌ది. ఆయన నొక్కాడు. ఫోటో సరిగా రాలేదంటే మళ్లీ నొక్కాడు. కో-కన్వీనర్లు కూడా తలా ఒకసారి నొక్కారు. తెర మీద చిన్న చక్రం గిరగిరా తిరిగి ఆగిపోయింది.

"ఏమైంది?"

"సర్వర్ డౌన్ అయిందన్నా," అన్నాడు కిష్టా.

భూపాల్ ముఖం ఎర్రబడింది. "ఇది ఇబ్రహీంపట్నం మీద కుట్ర!" అన్నాడు. రెండు నిమిషాల్లో సమితి మొత్తం సాగర్ రోడ్డు మీద బైఠాయించింది. "సర్వర్!" అని ఒకరు, "డౌన్ డౌన్!" అని మిగతావాళ్లు. అది అప్పటికే డౌన్‌లో ఉందని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సెంటర్ ఖాళీ అయింది. కిష్టా ఫ్యాను వేశాడు. వనిత అరచేతుల చెమట చున్నీకి తుడుచుకుని, పేజీ మళ్లీ తెరిచి, మొదటి నుంచి నింపింది. నాలుగూ నలభైకి దరఖాస్తు అందిందని తెర మీద పచ్చగా పడింది. ఆమెకు ఏడుపు, నవ్వు రెండూ వచ్చాయి. రోడ్డు మీదికెళ్లి, "అన్నా, పోయింది!" అని అరిచింది.

"పోయిందా? ఎవరు పోగొట్టిన్రు?" అని భూపాల్ మైకులో గర్జించాడు. నినాదాలు రెట్టింపయ్యాయి.

చాలామందికి ఇబ్బంది అయిందని యూనివర్సిటీ మర్నాడు అందరికీ గడువు రెండు రోజులు పెంచింది. భూపాల్ పోరాటానికి దిగివచ్చిన యూనివర్సిటీ అని బస్టాండు దగ్గర ఫ్లెక్సీ వెలిసింది. విజయోత్సవంగా కిష్టా కంప్యూటర్‌కు పాలాభిషేకం చేశారు. ఆ కంప్యూటర్ మళ్లీ లేవలేదు. ఉద్యమంలో అమరత్వం పొందిందని భూపాల్ దానికి పూలదండ వేశాడు.

మూడు వారాలకు జాబితా వచ్చింది. వనిత పేరు పన్నెండోది. శుక్రవారం నాలుగింటిలోగా ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి చేరాలి, లేకపోతే సీటు తర్వాతి వాళ్లకు పోతుంది. సమితి వాళ్లు వనితకు సన్మాన సభ కూడా శుక్రవారమే పెట్టారు. ముఖ్య అతిథికి ఆ రోజే వీలట.

శుక్రవారం పొద్దున వనిత భూపాల్‌కు పదిసార్లు ఫోన్ చేసింది. పదకొండోసారి ఆయన అనుచరుడు నగేష్ ఎత్తాడు.

"ఫైలు స్టేజీ మీదున్నది చెల్లె. అన్న పట్టుకొని మాట్లాడాలె."

"నాకు నాలుగింటికి యూనివర్సిటీల ఉండాలె అన్నా!"

"గట్లనా? సభ అయినంక పోదువు తియ్యి. అయిదింటికల్లా అయిపోతది."

వనిత ఫంక్షన్ హాలుకు పరుగెత్తింది. గేటు దగ్గర వాలంటీరు ఆపి పాస్ అడిగాడు. "నేనే వనిత," అంటే, "పొద్దటి నుంచి నువ్వు మూడోదానివి," అన్నాడు. వెనక వంటవాళ్ల తలుపు నుంచి లోపలికెళ్లింది. వేదిక మీద పందొమ్మిది కుర్చీలు, పందొమ్మిదీ నిండి ఉన్నాయి. మధ్య టేబుల్ మీద నీలం ఫైలు. వనిత మెట్లెక్కి, నేరుగా వెళ్లి ఫైలు తీసుకుంది.

భూపాల్ తలెత్తి ఆమెను చూశాడు. వనిత ఫైలును చున్నీ కిందికి జరిపింది.

"ఏయ్ పిల్లా, గా చేతితోటే కుర్చీ గూడ ఇటు జరుపు. పెద్దసారు వస్తున్నడు."

వనిత కుర్చీ జరిపింది. దిగి, ఒకటే ఉరుకు బస్టాండుకు.

మూడుంపావుకు యూనివర్సిటీలో ఒక మేడమ్ సర్టిఫికెట్లు ఒక్కొక్కటీ చూసి, "వెల్‌కమ్, వనితా," అంది. ఆ మూడు వారాల్లో ఆ పేరు పిలిచి ఆమె ముఖం చూసిన మొదటి మనిషి ఆవిడే.

ఇక్కడ సభలో జరిగింది, ఆ రోజే హాస్టల్లో చేరిన వనితకు సాయంత్రం సుసన్న ఫోన్లో చెప్పింది, మధ్యమధ్యలో నవ్వాపుకోలేక. ముఖ్య అతిథి తొందరలో ఉన్నాడు. "వనిత వేదిక మీదికి రావాలె" అని పిలిచిన సమయానికి, పక్క గల్లీ రుక్మాబాయి పింఛను కోసం అర్జీ పట్టుకుని మెట్లెక్కుతోంది. అతిథి ఆమెకు శాలువా కప్పాడు. చేతిలో కాగితాన్ని తానూ ఒక కొసన పట్టుకుని ఫోటో దిగాడు.

"పింఛన్ సారూ," అంది రుక్మాబాయి.

"చదువుకు వయసు అడ్డం కాదు!" అన్నాడు అతిథి. హాలు దద్దరిల్లింది. భూపాల్ ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఆయనే.

మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది. 'అరవై ఆరేళ్ల వయసులో ఎంఏ సీటు! భూపాల్ కృషి ఫలితం.' హాస్టల్ మెస్సులో అది చదివి వనిత పొలమారేదాకా నవ్వింది. సమితిని రాష్ట్రమంతటికీ విస్తరిస్తున్నట్టు భూపాల్ ఆ వారమే ప్రకటించాడు.

నెల తర్వాత వనిత ఇంటికొచ్చింది. గుమ్మంలో రుక్మాబాయి కూర్చుని ఉంది, భుజాన అదే శాలువా, చేతిలో అర్జీ. దానికి ఆ ఫోటో ఉన్న పేపరు ముక్క పిన్ను చేసి ఉంది.

"బిడ్డా, అన్న ఆఫీసుకు పోయిన. నగేష్ కాయిదం వాపసు ఇచ్చిండు. చదువుకునేటోళ్లకు పింఛన్ రాదంట. చదువు అయినంక రమ్మన్నడు."

వనిత కాగితం అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వాలో వద్దో తెలియలేదు.

"ఎన్నేండ్లు బిడ్డా గా చదువు?"

"రెండేండ్లు అవ్వా."

రుక్మాబాయి కాసేపు వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. తర్వాత ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"అయితే జర చూసి చెప్పు. నా పరీక్షలు ఎప్పుడున్నయ్?"