బందరులో తలల లెక్క

బందరు లాడ్జిలో ఆ ఉదయం అయిదింటికే లేచిన సారంగపాణి, రోజంతా ఏమేం చూడాలో ఒక కాగితం మీద రాసుకున్నాడు. డచ్చివాళ్ల సమాధులు, కోట, కలంకారీ అద్దకం, పాండురంగడి గుడి, లడ్డు దుకాణం, చివరగా మంగినపూడి సముద్రం.

"ముందుగాల్నే సముద్రం కాడికి పోదాం గదయ్యా," అంది భార్య యశోద.

"సముద్రం యాడికి పోతది? సమాధులకైతే ఎండెక్కుతది."

సారంగపాణి కొత్తగూడెం బొగ్గుబావిలో మైనింగ్ సర్దారు. మనుషుల్ని కిందికి తీసుకుపోవడం, కర్రతో పైకప్పు తట్టి చూడడం, షిఫ్టు కాగానే తలలు లెక్కపెట్టి పైకి తేవడం ఆయన ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో యశోద సముద్రం చూపించమంటే భద్రాచలం తీసుకుపోయి గోదావరి చూపించి సరిపెట్టాడు. ఇరవై తొమ్మిదేళ్లకు, రెండువేల అయిదులో, సెలవు దొరికి ఇలా వచ్చారు.

ఊరు చూడ్డానికి బండి ఏదైనా ఉందా అని అడిగితే, వీధి చివర పది మందినీ కలిపి తిప్పే బస్సు ఆగుతుందని లాడ్జి గుమాస్తా చెప్పాడు. వీధి చివర నిజంగానే ఒక బస్సు ఉంది. కాకపోతే అది తణుకు నుంచి వచ్చిన ఇరవై రెండుమంది రిటైరైన పంతులమ్మలు కిరాయికి మాట్లాడుకున్న బస్సు. వాళ్లు గైడు కోసం ఎదురుచూస్తున్నారు. చేతిలో కాగితంతో, అలవాటు కొద్దీ వెంట తెచ్చుకున్న కర్ర చంకలో పెట్టుకుని మెట్లెక్కుతున్న సారంగపాణిని చూసి వాళ్ల పెద్ద పుష్పలత టీచరు లేచి నిలబడింది.

"రండి రండి, మీ కోసమే ఆగాం!"

సారంగపాణి మురిసిపోయాడు. "చూసినవా, బందరోళ్ల మర్యాద!" అన్నాడు భార్యతో. ఆయనకు డ్రైవరు పక్కన సీటిచ్చారు. యశోదకు వెనక, నీళ్ల క్యాన్ల దగ్గర చోటు దొరికింది.

"ముందు ఏం చూద్దామంటారు?" అని అడిగింది పుష్పలత.

"డచ్చోళ్ల సమాధులు," అన్నాడాయన కాగితం చూసి. బస్సు అటే తిరిగింది. తన మాటకు ఇంత విలువ ఇంట్లో కూడా లేదని ఆయనకు ఆశ్చర్యం వేసింది.

సమాధుల దగ్గర ఆడవాళ్లంతా నోటుపుస్తకాలు తీసి చుట్టూ నిలబడ్డారు. "వీళ్ల సంగతి కాస్త చెప్పండి."

తనతో మాట కలుపుతున్నారనుకున్నాడు సారంగపాణి. "ఏముందమ్మా, బట్టల యాపారానికొచ్చిండ్రు. మన ఎండకు తట్టుకోలేక గిట్ల పండుకున్నరు." ఇరవై రెండు పెన్నులు ఆ ముక్క రాసుకున్నాయి. ఇంతలో ఒకావిడ పాత కమాను కిందికి వెళ్లబోయింది. ఆయన గొంతు బావిలో మోగినట్టు మోగింది.

"ఆగుండ్రి! పైకప్పు చూడంది కింద నిలబడొద్దు!"

కర్రతో మూడుచోట్ల తట్టి, చెవి పెట్టి విని, "అవ్, ఇగ పోవచ్చు," అన్నాడు.

"ఎన్నో ఊళ్లు తిరిగాం గానీ, ఇంత జాగ్రత్తగల గైడును చూడలేదండీ!" అంది పుష్పలత.

అప్పటికి గానీ సంగతి ఆయనకు తలకెక్కలేదు. నేను గైడును కాదమ్మా అని చెప్పబోయాడు. కానీ మోకాళ్ల నొప్పుల ముసలావిడ ఒకరు అప్పటికే ఆయన చెయ్యి పట్టుకుని మెట్టు దిగుతున్నారు. చెయ్యి విడిపించుకునే ధైర్యం రాలేదు. వెనక నుంచి యశోద, "ఏమయ్యా, మనమెప్పుడు పోదాం?" అంది. "జర ఆగు," అన్నాడు. కాసేపటికి మళ్లీ పిలిచింది. "జర ఆగే!" అన్నాడు. మూడోసారి ఆమె పిలవలేదు.

బస్సు కదిలేముందు ఆయన తలలు లెక్కపెట్టాడు. ఇరవై రెండు. సరిపోయింది. కోట దగ్గర ఇరవై రెండు. అద్దకం షెడ్డు దగ్గర ఇరవై రెండు. గుడికి, లడ్డు దుకాణానికి తర్వాత వద్దామని, పొద్దు వాలకముందే సముద్రానికి పోనిమ్మన్నాడు.

మంగినపూడిలో బస్సు దిగేసరికి సముద్రం ఎదురుగా పరుచుకుని ఉంది. సారంగపాణికి ఒళ్లు జలదరించింది. "యశోదా, ఇగో!" అంటూ వెనక్కి తిరిగాడు. ఇరవై రెండుమందీ ఉన్నారు. యశోద లేదు.

ఆయన ఇసుకలో కూలబడి, మొత్తం కథ చెప్పేశాడు. పుష్పలత బిత్తరపోయింది. "అయ్యో, ఆవిడ మీ ఆవిడా? పాపం, దారిలో దిగిపోయే మనిషేమో అనుకున్నాం. ఎక్కండర్రా బస్సు!"

సమాధుల దగ్గర లేదు. గుళ్లో పూజారి, "ఇప్పుడే దర్శనం చేసుకుని వెళ్లారండీ," అన్నాడు. లడ్డు దుకాణంలో, "రెండు తిని, ఒకటి కట్టించుకుని వెళ్లారు," అన్నారు. చిలకలపూడి గాజుల కొట్టులో, "అరడజను తీసుకుని సముద్రానికి వెళ్లారు," అన్నారు. సారంగపాణి దిగులు మెల్లగా అనుమానంగా మారింది.

బస్సు మళ్లీ మంగినపూడికి పరుగెత్తింది. యశోద మోకాళ్ల లోతు నీళ్లలో, రోల్డుగోల్డు గాజులు మెరుస్తుండగా, కెరటం వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా ఎగురుతోంది. ఒడ్డున ఒకాయన గొడుగు పట్టుకుని దీపస్తంభం చరిత్ర చెబుతున్నాడు. ఆయన పేరు గోపాలు. పంతులమ్మలు మాట్లాడుకున్న అసలు గైడు. ఆలస్యంగా బస్సు దగ్గరికి వచ్చి, అది వెళ్లిపోయిందని తెలిసి, ఆటోలో సమాధుల దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఒక్క యశోదే మిగిలి ఉంది.

"ఉన్న ఒక్కరికైనా చూపించకపోతే పేరు పోతుంది కదండీ," అన్నాడతను.

సారంగపాణి చెప్పులతోనే నీళ్లలోకి దిగాడు. "ఇన్నేండ్ల సర్వీసుల ఒక్క మనిషిని కింద ఇడిచిపెట్టి పైకి రాలేదే. ఇయ్యాల నిన్నే ఇడిచిన."

"నువ్ ఇడిచినవా? రెండుమాట్ల పిలిచి నేనే నిన్ను ఇడిచిన," అంది యశోద. తర్వాత ఆయన మొహం చూసి జాలిపడి, కొంగు ముడి విప్పి లడ్డు చేతిలో పెట్టింది. "తిను. పొద్దున్నుంచి ఏం తిన్నట్టు లేవు."

లడ్డు కొరికేలోగా ఒడ్డు మీద బస్సు హారన్ మోగింది. పంతులమ్మలు బస్సులో కూర్చుని ఉన్నారు. గోపాలు వెళ్లి లెక్కపెడతానంటే ఒప్పుకోలేదట. సారంగపాణి గారు వచ్చి లెక్కపెడితే గానీ బస్సు కదలనిచ్చేది లేదన్నారట.

"పో," అంది యశోద నవ్వుతూ. "సముద్రం యాడికి పోతది?"

ఆయన వెళ్లి లెక్కపెట్టి, ఒక్కొక్కరి దగ్గరా సెలవు తీసుకుని వచ్చేసరికి చీకటి పడింది. విజయవాడ బస్సు వేళయింది.

కొత్తగూడెం చేరాక క్వార్టర్ల ఆడవాళ్లు చుట్టూ చేరితే, యశోద డచ్చివాళ్ల దగ్గర మొదలుపెట్టి దీపస్తంభం దాకా గంటసేపు చెప్పింది. చివరికి పక్కింటి జైరాం సారంగపాణి వైపు తిరిగి, "మరి నీకెట్లనిపించిందే అన్నా బందరు?" అని అడిగాడు.

"ఆమెనడుగు," అన్నాడు సారంగపాణి. "నేను గాడ డ్యూటీల ఉంటి."