రెండువందల పన్నెండు వరసల గోడ

ఆ ఉదయం పంతులు చేయవలసిన పనులు రెండే. మూడో ఆట ఏదో తేల్చుకోవాలి, పదిన్నరకల్లా పెన్‌డ్రైవు తీసుకెళ్లి గ్రంథాలయం కమిటీ చేతిలో పెట్టాలి. ఇంతటి తేలిక రోజు ఈ మధ్య రాలేదనుకుంటూ లేచాడు.

పంతులు అంటే బడిపంతులు కాదు. గ్రంథాలయంలో కంప్యూటర్ల గది చూసుకుంటాడు. వచ్చినవాళ్లకు మౌసు పట్టుకోవడం దగ్గర్నుంచి ఓపిగ్గా నేర్పుతాడు గనక ఆ పేరు పడింది. ఆ గదిలో కంప్యూటర్లు పన్నెండు. పన్నెండూ ముసలివే. హార్డ్‌డిస్కులు ఒకదాని వెనక ఒకటి కన్నుమూశాయి. గది ఎత్తేసి పాత పేపర్ల కట్టలు పెడదామనీ, పంతులును బైండింగు విభాగానికి పంపుదామనీ కమిటీ ఒక మాట అనుకుంది. బైండింగు జిగురు వాసన తగిలితే పంతులుకు వరసగా పదకొండు తుమ్ములొస్తాయి. పదో తుమ్ముతో ఎప్పుడూ ఆగలేదు.

అందుకని మూడు నెలలు కూర్చుని, కంప్యూటరును నడిపించే లైనక్స్‌ను పెన్‌డ్రైవులో సర్దాడు. దానికి హార్డ్‌డిస్కుతో పని లేదు. పెన్‌డ్రైవు గుచ్చి మీట నొక్కితే చచ్చిన కంప్యూటరు లేచి కూర్చుంటుంది. ఆపేస్తే అప్పటిదాకా జరిగిందంతా మరిచిపోతుంది. ఎవరేం చూశారో, ఎవరేం చెడగొట్టారో దాని మనసులో ఉండదు. మనుషులకు కూడా ఈ గుణం ఉంటే బాగుండునని పంతులు మురిసిపోయాడు.

ఉత్తరాలు రాసుకునేది, లెక్కలు వేసుకునేది, బొమ్మలు గీసేది అన్నీ అమిరాయి. ఆటల దగ్గరే చిక్కొచ్చింది. ముసలి యంత్రాలు బరువు మోయలేవు. పదకొండు ఆటలు చూశాడు, చోటు మూడింటికే ఉంది. మంచు మీద పెంగ్విన్ జారే ఆట చూడముచ్చటగా ఉంది గానీ, ముగ్గురి కంచాల్లోది తానొక్కతే తినే రకం. చదరంగం పెట్టాడు, పెద్దమనుషులు కాదనరు కనక. ఒక్కడే కూర్చుని ఆడుకునే పేకాట పెట్టాడు, పెద్దమనుషులు పైకి కాదన్నా ఆడతారు కనక. ఇక ఇటుకలు పేర్చేదా, బాంబులు వెతికేదా అన్నది మిగిలింది. ఆటను తూచడానికి పంతులు దగ్గర తక్కెడ ఒక్కటే. కంప్యూటరు ముట్టని మనిషిని దాని ముందు కూర్చోబెట్టాలి. పది నిమిషాలు లేవకపోతే ఆట పాసైనట్టు. ఇంట్లో అలాంటి మనిషి అత్తగారే.

అత్తగారు మేస్త్రి భార్య. ముప్పై ఏళ్లు ఆయన గోడలు కడుతుంటే ఇటుకలందించింది. తాపీ మాత్రం ఆయన ఒక్కరోజూ ఆమె చేతికివ్వలేదు. పైనుంచి రకరకాల ఇటుకలు పడతాయి, తిప్పి సందు లేకుండా పేర్చాలి, వరస నిండితే మాయమవుతుంది, గోడ పైకప్పును తాకితే ఆట ముగిసినట్టు అని అల్లుడు చెప్పాడు. సిమెంటు లేకుండా ఇదేం గోడ అని ఒక్కమాట అడిగి, ఆవిడ ఎనిమిదింటికి పని మొదలుపెట్టింది.

పంతులు స్నానం చేసొచ్చాడు. బట్టలు ఇస్త్రీ చేసుకున్నాడు. తొమ్మిదీ నలభైకి వచ్చి చూస్తే తెర మూల రెండువందల పన్నెండు వరసలని ఉంది. అత్తగారు రెప్ప వెయ్యడం లేదు.

"అత్తయ్యా, ఇక ఆపేద్దాం. ఆట పాసైంది."

"ఆపితే నా గోడ ఉంటుందా బాబూ?"

పంతులుకు అబద్ధం ఆడటం రాదు. "ఉండదు. అది దాని గుణం."

"అయితే మీ మామగారు చూసేదాకా ఆపేది లేదు. నీకేం తెలుసే వరస, నీకేం తెలుసే సందు అని ముప్పై ఏళ్లు అన్నారు. వచ్చి చూడనీ."

ఆటను కాసేపు నిలపవచ్చు గానీ కంప్యూటరును ఆపకూడదు. ఆపకుండా పెన్‌డ్రైవు లాగడమంటే నడుస్తున్న బండికి చక్రం ఊడదీయడమే. నకలు తీద్దామంటే నలభై నిమిషాలు. పంతులు పని అడకత్తెరలో పోకచెక్క అయింది. ఆవిడ కూతురు, అంటే పంతులు భార్య, వంటింట్లోంచి వచ్చి, ఫోటో తీసి నాన్నకు చూపిద్దామంది. ఫోటోలో గోడ ఎవరైనా కడతారు, లేస్తుంటే చూడాలి అంది తల్లి. కూతురు తండ్రి పోలిక, వాదనతో కాలం వృథా చెయ్యదు.

"ఏమండీ, నాన్న ఎక్కడున్నాడు? మీ గ్రంథాలయంలో పేపరు చదువుతున్నాడు. పెన్‌డ్రైవు ఎక్కడికి పోవాలి? అక్కడికే. అమ్మనూ కంప్యూటరునూ కూడా పట్టుకుపోండి."

కరెంటు లేకపోయినా పావుగంట నిలబెట్టే యూపీఎస్ పెట్టె ఇంట్లో ఉంది. ఎదురింట్లో బల్లలూ మంచాలూ చేరవేసే వ్యాను ఉంది. బల్ల, దాని మీద కంప్యూటరు, కింద పెట్టె, ఎదురుగా కుర్చీ, కుర్చీలో అత్తగారు, అన్నీ తాళ్లతో బిగించారు. అత్తగారిని తప్ప. కుదుపులుంటాయి, ఆటను నిలిపి ఉంచమని పంతులు బతిమాలాడు. ఊగే పరంజా మీద తట్టతో నడిచినదాన్ని, నాకు కుదుపులు చెబుతావా అని ఆవిడ ఆట సాగించింది.

గ్రంథాలయానికి ఇరవై నిమిషాల దారి. పెట్టె పావుగంటది. ఈ తేడా పంతులుకు సగం దారిలో, పెట్టె కీచుమనడం మొదలుపెట్టాక తట్టింది. పక్కనే మంగలి దుకాణం. ఉన్న ఒక్క ప్లగ్గులో జుట్టు కత్తిరించే మిషను ఉంది. మంగలి జాలిపడి మిషను పీకి పెట్టెకు దారిచ్చాడు. అప్పటికి దుకాణం కుర్చీలోని మనిషికి ఎడమవైపు మాత్రమే అయింది. అతను మెడకు తెల్లగుడ్డతోనే లేచి వ్యాను దగ్గరికొచ్చాడు. కాసేపటికి అత్తగారికి సలహాలివ్వడం మొదలుపెట్టాడు. పది నిమిషాల్లో వీధిలో సగం మంది సలహాదార్లయ్యారు. మిగతా దారికి సరిపడా కరెంటు పెట్టెకు ఎక్కాక వ్యాను కదిలితే ఆ సగం తలవాడు కూడా ఎక్కేశాడు. పని సగంలో వదిలితే దుకాణం పేరు పోతుందని మంగలి కత్తెర పట్టుకుని వెనక నడిచాడు. కుదుపుల భయానికి వ్యాను మనిషి నడకతో పోతోంది గనక జనం కూడా నడిచారు.

కమిటీ అధ్యక్షురాలు ఒకప్పుడు పెద్ద బడికి హెడ్‌మిస్ట్రెస్. మెట్ల మీద నిలబడి చూస్తే ముప్పైమంది వస్తున్నారు. మధ్యలో సగం గుండుతో ఒకడు, వాడి వెనక కత్తెరతో ఒకడు, వ్యానులో కదలకుండా కూర్చున్న ముసలావిడ. అధ్యక్షురాలు తన సర్వీసులో చాలా నిరసనలు చూసింది. ఇదీ అలాంటిదేనని తేల్చేసింది.

"గది తీసేస్తామంటే ఊరిని లేపుకొచ్చారా పంతులుగారూ? గుండ్లు కొట్టించి, ఈ పెద్దావిడను నిరాహారదీక్షకు కూర్చోబెట్టారా?"

"పొద్దున తినే వచ్చానమ్మా," అంది అత్తగారు, తెర మీంచి చూపు తిప్పకుండా.

మేము అడిగింది చిటికెన వేలంత పెన్‌డ్రైవు, మీరు తెచ్చింది సంసారం అని అధ్యక్షురాలు వ్యాను దగ్గరికి నడిచింది. కంప్యూటరు పక్కన అది కనబడింది. పంతులు "తియ్యకండి" అనేలోపు లాగేసింది.

పంతులు కళ్లు మూసుకున్నాడు.

ఒక ఇటుక పడింది. ఇంకొకటి పడింది. వరస నిండింది.

అప్పుడు గుర్తొచ్చింది పంతులుకు. జనం పెన్‌డ్రైవులు జేబుల్లో వేసుకుపోతారన్న భయంతో, మీట నొక్కగానే సరుకంతా కంప్యూటరు మెమరీలోకి ఎక్కేలా పోయిన నెలలో తానే అమర్చాడు. బరువు తగ్గించిందీ, ఆటలు మూడే పెట్టిందీ అందుకే. పొద్దున ఇంట్లోనే లాగి జేబులో వేసుకుని చక్కా నడిచి రావచ్చు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"తీసినా ఆగలేదే," అంది అధ్యక్షురాలు, పెన్‌డ్రైవును వెనకా ముందూ తిప్పి చూస్తూ.

"అంతేనండీ. తీసి బీరువాలో దాచుకోవచ్చు. అది చూపించాలనే తెచ్చాను," అన్నాడు పంతులు. అబద్ధం ఆడటం ఆ క్షణంలోనే వచ్చింది.

అరగంటలో ఆ ఒక్క పెన్‌డ్రైవుతోనే పన్నెండు ముసలి యంత్రాలూ లేచి కూర్చున్నాయి. అంతకుముందే అత్తగారి కంప్యూటరును పెట్టెతో సహా నాలుగు చేతుల మీద లోపలికి మోసి, తీగ గోడ ప్లగ్గుకు తగిలించారు. వచ్చినవాళ్లంతా కంప్యూటరుకు ఇద్దరు ముగ్గురు చొప్పున చేరారు. సగం తలవాడు ఏడో కంప్యూటరు దగ్గర ఇటుకలు పేరుస్తుంటే మంగలి కుడివైపు పూర్తి చేశాడు.

ఆ సందడికి మేస్త్రి పేపరు మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. భార్య వెనక నిలబడి, దారానికి తూకపు గుండు వేలాడదీసి గోడ నిటారు చూసేవాడిలా తల పక్కకు వాల్చి చాలాసేపు చూశాడు.

"కుడి మూల సందు వదిలావే."

"నిలువు ఇటుక కోసం వదిలాను. ఆగండి."

నిలువు ఇటుక వచ్చింది. నాలుగు వరసలు ఒక్కసారే మాయమయ్యాయి. మేస్త్రి పక్క కంప్యూటరు దగ్గరివాళ్లను లేపి కూర్చుని నాలుగు నిమిషాల్లో పైకప్పు తాకించాడు. సిమెంటు లేనిది ఏ గోడైనా ఇంతే అని గొణిగి, కుర్చీ భార్య పక్కకు లాక్కున్నాడు. తర్వాత ఏ ఇటుక వస్తుందో తెర మూల చిన్న గడిలో కనబడుతుంది. అది చూసి ముందుగా చెప్పే పని తీసుకున్నాడు. ఇటుకలందించడం ఇన్నాళ్లకు ఆయన వంతుకొచ్చింది.

"అడ్డ ఇటుక వస్తోంది, చూసుకో."

"చూశాలెండి. త్వరగా చెప్పండి."

ఆ గదిలో అంతమందిని కమిటీ పదేళ్లలో చూడలేదు. గది ఉంటుంది, పంతులు ఉంటాడు, మూడో ఆట ఇటుకలదే అని ఏకగ్రీవంగా రాశారు. సాయంత్రం అత్తగారు ఆటను నిలిపి లేస్తూ, రేపు వచ్చేదాకా ఎవరూ ముట్టకుండా చూడమని అధ్యక్షురాలికి అప్పగించింది. అధ్యక్షురాలు దాన్నీ తీర్మానాల పుస్తకంలో ఎక్కించింది. ఆ కంప్యూటరు మళ్లీ ఇంటికి రాలేదు. పంతులు సొంత సొమ్మే అయినా, దాన్ని ఆపాలంటే ఇప్పుడు మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి.