పోయిన మామయ్యకు కిలో మిఠాయి

ఈజిప్టులోని దమియెట్టాలో కుర్చీలకు వార్నిష్ వేసే వజ్దీ ఆ ఉదయం అంతా ఒక వరసలో జరిపించాలనుకున్నాడు. ముందు అమ్మకు బీపీ మాత్ర, తరువాత రొట్టె, చిక్కుడుగింజల కూర, ఆ తరువాతే చావు కబురు. పోర్ట్ సయీద్‌లో మేనమామ జగ్లూల్ తెల్లవారుజామున పోయాడు. మధ్యాహ్నం నమాజు కాగానే ఖననం. ఆలోగా అమ్మకు తమ్ముడి ముఖం చూపించాలి. కానీ ఖాళీ కడుపుతో ఉన్న మనిషికి చెడ్డ కబురు చెప్పడం ఆ ఇంటా వంటా లేదు. పైగా ఆమెకు దిగులు పనికిరాదని డాక్టరు మరీ మరీ చెప్పాడు.

"ఇంకో రొట్టె తినమ్మా," అన్నాడు.

"నువ్వు తినరా ముందు. ముఖం ఎలా పీక్కుపోయిందో చూడు," అంది అమ్మ ఇన్సాఫ్.

"నాకు ఆకలి లేదు."

"అయితే నాకూ లేదు."

ఒకరి పళ్లెంలోకి ఒకరు కూర వడ్డించుకుంటూనే పొద్దెక్కిపోయింది. వజ్దీకి కడుపులో మంట మొదలైంది. చెప్పే ధైర్యం చాలక, "మామయ్యని చూసి చాన్నాళ్లయింది, వెళ్లొద్దామా?" అన్నాడు. ఎందుకని అడుగుతుందేమోనని హడలిపోయాడు గానీ, ఆమె మారు మాట లేకుండా లేచింది. భర్త పోయినప్పటి నుంచీ కట్టేది నలుపే కనుక బట్టలు మార్చుకునే పని కూడా లేదు.

ఊరు దాటకముందే, "బండాపు. జగ్లూల్‌కి మిఠాయి కొనాలి," అంది.

"ఇప్పుడెందుకమ్మా?"

"వాడింటికి ఎప్పుడైనా ఉత్త చేతులతో వెళ్లానా?"

కాదంటే అనుమానం వస్తుంది. దుకాణంలో అప్పుడే మూకుడు పొయ్యిమీద పెట్టారు. ముందు బోలెడంత వరుస ఉంది. వజ్దీ కడుపు పట్టుకుని నిలబడ్డాడు. "శుభకార్యమా అన్నా?" అని అడిగాడు దుకాణదారు. వజ్దీకి ఏడుపు తన్నుకొచ్చింది. నూనె పొగ అన్నాడు.

దారిలో మెల్లగా మొదలుపెట్టాడు. "మామయ్యకి కాస్త ఒంట్లో బాలేదటమ్మా."

"వాడికేంరా, ఉక్కుముక్క! నువ్వేం బెంగపడకు," అంది ఆమె. ఇంత నమ్మకంగా ఉన్న మనిషికి ఎలా చెప్పడమని అతను బండి ఇంకా నెమ్మది చేశాడు.

సందు మొదట్లో పరామర్శకు వేసిన డేరా కనిపించింది. తల్లీకొడుకులు ఒకేసారి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు.

"గుండె రాయి చేసుకోరా."

"నీకు తెలుసా?"

"నీ అత్త పొద్దున్నే ఫోన్ చేసిందిరా. మీ నాన్న పోయినప్పుడు కడుపులో పుండు రేగి నువ్వు నెత్తురు కక్కుకున్నావు. నాలుగు మెతుకులు తిన్నాక చెబుదామనుకున్నాను. మిఠాయి కొనిపించిందీ నీకు అనుమానం రాకూడదనే."

జగ్లూల్ కొడుకు హిషామ్ బూట్ల నిండా మట్టితో ఎదురొచ్చాడు. "మీ కోసం చాలాసేపు ఆపాం అత్తయ్యా. ఇప్పుడే అయిపోయింది," అన్నాడు.

ఇన్సాఫ్ అక్కడే కూలబడింది. "వాడి ముఖం చివరిసారి చూడలేకపోయానురా," అని గుండెలు బాదుకుంది. చావింటి ఆచారం ప్రకారం చక్కెర లేని కాఫీ తాగుతున్న జనమంతా వజ్దీ చేతిలోని మిఠాయి పెట్టెను చూశారు.

ఏమవుతుందోనని భయపడి, పరామర్శకు వచ్చిన డాక్టరును ఎవరో పిలుచుకొచ్చారు. ఆయన తల్లికీ కొడుక్కీ బీపీ చూసి, ఇద్దరిదీ భేషుగ్గా ఉందన్నాడు.