సముద్రపు ఇసుక స్వగ్రామ ప్రవేశం

బంగాళాఖాతం ఒడ్డున పడి ఉన్న మన ఇసుకను వెనక్కి తెచ్చి తీరతామని మా మంత్రిగారు శంషాబాద్ చౌరస్తాలో ప్రకటించారు. అది మనదని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. నాది ఫ్లెక్సీలు కొట్టే షాపు కనుక ఈ మహత్తర సత్యం అందరికంటే ముందు నాకే తెలిసింది, ఇరవై బై పన్నెండు సైజులో.

దీనికి మూలం రాజేంద్రనగర్‌లో జరిగిన సదస్సు. ఇసుకలోని రేర్ ఎర్త్ మూలకాలను కొలిస్తే, తీరంలో ఉన్న రేణువు ఏ కొండరాతిలో పుట్టి ఏ నదిలో కొట్టుకొచ్చిందో చెప్పవచ్చని డాక్టర్ అనుపమ అనే శాస్త్రవేత్త వివరించారు. రిబ్బన్ కత్తిరించి సమోసా తింటున్న మంత్రిగారు దిగ్గున లేచారు.

"అంటే మన ఇసుక వాళ్ల కాడ ఉన్నదన్నట్టు!"

"కొంత ఉండొచ్చు సార్. లక్షల ఏళ్ల కిందట పోయింది."

"గన్నేండ్ల సంది అడిగినోడే లేడా?"

లేడు మరి. అలాంటి నాయకుడు దొరకడానికి మనకు ఇన్ని యుగాలు పట్టింది.

యువనేత అరవింద్ నాయకత్వంలో ముప్పై రెండు మంది కార్యకర్తల అధ్యయన బృందం విమానమెక్కింది. నాలుగు రోజులు తీరాన్ని పరిశీలించారు. కొందరైతే నడుము లోతు దాకా దిగి మరీ పరిశీలించారు. వాళ్లు పంపిన పది లారీల ఇసుక వాళ్లకంటే ఒకరోజు ముందే శంషాబాద్ చేరింది. పనిచేసే ప్రభుత్వమంటే అట్లా ఉండాలి.

స్వాగత సభలో డప్పులు మోగాయి. ఇసుక కుప్పకు పూలదండ వేశారు. అందరం మురిసిపోతుంటే పక్క ఊరు పాల్మాకుల నుంచి జయశీలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది.

"సారూ, మొన్నటి సంది మా వాగుల ఇసుకంత తోడుకపోయిన్రు. గట్టు కూలుతున్నది. ఇంకొక్క వాన కొడితే నా బాయి గూడ అండ్ల పడ్తది. గులాబి తోట తప్ప నాకేం లేదు సారూ. గీ కుప్ప మా వాగుదే!"

"ఇది సముద్రం ఇసుకక్కా," అన్నాడు అరవింద్. "జర వాసన చూడు."

చూసింది. "మా బర్రె వాసనొస్తున్నది."

మంత్రిగారికి సైన్సంటే ప్రాణం. వెంటనే పరీక్షకు ఆదేశించారు. అనుపమ గారు కుప్పలోంచి ఒక పొట్లం, జయశీలమ్మ బావి పక్కన వాగులో తవ్విన గోతిలోంచి ఒక పొట్లం తీసుకెళ్లి, పదో రోజున అదే వేదిక మీద ఫలితం చదివారు.

"ల్యాంథనం నుంచి లుటీషియం దాకా రేర్ ఎర్త్ మూలకాలన్నీ సరిపోయాయి. రెండూ ఒకే ఇసుక సార్. అంటే ఈ కుప్ప..."

మైకు మంత్రిగారి చేతిలోకి వెళ్లింది. "ఇన్నరా? సముద్రం ఇసుక, మన పాల్మాకుల ఇసుక ఒక్కటేనని సైన్సే తేల్చింది!"

చప్పట్లు ఆగలేదు. నేనూ కొట్టాను. అనుపమ గారు మళ్లీ మైకు అందుకోబోతే శాలువా కప్పి కూర్చోబెట్టారు.

జయశీలమ్మ కొంగు బిగించి వేదికెక్కింది. "గట్లయితే సారూ, ఇన్నేండ్లకు ఇంటికొచ్చినదాన్ని రోడ్డు మీద పెడ్తరా? తీస్కపోయి మా వాగుల ఒంపుండ్రి."

మంత్రిగారి కళ్లు చెమర్చాయి. సాయంత్రానికల్లా డప్పుల మోతతో పది లారీలూ వాగులో ఖాళీ అయ్యాయి. గట్టు నిలిచింది. జయశీలమ్మ అందరికీ చాయ్ పోసింది. ఆ నవ్వు చూసి నాకూ సంతోషమేసింది.

సోమవారం రెండో విడత బృందం విమానమెక్కింది. ఈసారి అరవై నాలుగు మంది. ఫ్లెక్సీ కట్టడానికి నేను పాల్మాకుల వెళ్లేసరికి వాగులో లారీలు బారులు తీరి ఉన్నాయి. మొదటి లారీకి అడ్డంగా చేతులు చాచి నిలబడింది జయశీలమ్మ.

"మీరు సముద్రం కాడికి పోలేదానే?" అని డ్రైవర్ రిజ్వాన్ మీద అరుస్తోంది.

రిజ్వాన్ పరేషానై చేతిలోని కాగితం ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు.

"గిదే గదక్కా సముద్రం. అడ్రస్ గిదే ఇచ్చిన్రు."