అనుబంధం-4 కురుస్తోంది

పేదల ఇళ్లకూ, సముదాయ అభివృద్ధికీ కేంద్రం ఇచ్చే గ్రాంటు మా నగరపాలక సంస్థకు వరసగా మూడో ఏడు కూడా మంజూరైందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాను. ఈ సందర్భంగా ఊళ్లో పేదలెవరూ కంగారు పడనక్కర్లేదు. గత రెండేళ్లలాగే ఈసారి కూడా వాళ్ల జోలికి ఎవరూ రారు.

నేను పౌర సలహా సంఘంలో సభ్యుణ్ణి. గ్రాంటు ఎలా ఖర్చు పెట్టాలో పౌరుల్ని అడిగి తీరాలని కేంద్రం నిబంధన పెట్టింది. అందుకని మా నగరం ఐదుగురు పౌరుల్ని నియమించుకుంది. ఐదుగురమూ ఒకే వీధివాళ్లం, పిలవాలంటే ఒక్క కారు పంపితే చాలు. సలహా మేం ఇవ్వనక్కర్లేదు, ముందే టైపు చేసి ఉంటుంది. కింద సంతకం పెట్టి, రెండు బిస్కెట్లు తిని, టీ తాగి వస్తాం. ఆ బిస్కెట్లు కూడా గ్రాంటులోవేనని తర్వాత తెలిసింది. తెలిశాక మూడోది కూడా తినడం మొదలుపెట్టాం.

మొదటి ఏటి కేటాయింపు సమావేశంలో మేయరు గారు చేసిన ప్రసంగం చరిత్రలో నిలిచిపోతుంది. "సముదాయం అంటే ఏమిటి?" అని ఆయన గర్జించి, ఎవరైనా నిజంగానే జవాబు చెబుతారేమోనని అనుమానం వచ్చి, తానే చెప్పేశారు. "నలుగురు మనుషులు ఒక్కచోట కూర్చుంటే సముదాయం! కూర్చోవాలంటే ఏం కావాలి? బెంచీ కావాలి! కాబట్టి బెంచీయే అభివృద్ధి!" మేం చప్పట్లు కొట్టాం. తొమ్మిది ఇళ్లున్న మా వీధికి పదకొండు బెంచీలు వచ్చాయి. ఇది ఇళ్ల నిధి గనక, ఇల్లు లేనివాళ్లెవరైనా వచ్చి వాటిమీద పడుకుంటారేమోనని ముందుచూపుతో ప్రతి బెంచీ నడుమా ఒక ఇనుప కమ్మీ బిగించారు.

రెండో ఏడు ఇళ్ల సంగతి పట్టించుకున్నారు. పేదలకు కట్టవలసిన ఇల్లు ఎలా ఉండాలో ముందు స్పష్టత ఉండాలి కదా. ఒక ఇల్లు కట్టారు కూడా. మోకాలెత్తు ఉంటుంది. చిన్న కిటికీలు, చిన్న తలుపు, ఎర్రటి పెంకుల కప్పు. కార్యాలయం వరండాలో గాజు పెట్టెలో పెట్టి, దుమ్ము తుడవడానికి ఒక మనిషిని వేశారు. 'ఈ ఆర్థిక సంవత్సరంలో పూర్తయిన గృహాలు: ఒకటి' అని నివేదికలో రాశారు. అబద్ధం అని ఎవరూ అనలేరు.

అయితే గ్రాంటు ఊరికే రాదు. దరఖాస్తులో 'అవసరం' అని ఒక గడి ఉంది, దాన్ని నింపాలి. మొట్టమొదటి ఏడు, మీ వార్డులో అవసరం ఏమైనా ఉందా అని కౌన్సిలర్లను అడిగితే ఒక్కొక్కరూ చిన్నబుచ్చుకున్నారు. "నన్ను గెలిపించుకున్నారు కదండీ, ఇంకా అవసరమేమిటి వాళ్లకి?" అన్నారు. చివరికి ప్రణాళికా విభాగం గుమాస్తా చెప్పులరిగేలా తిరిగి, మార్కెట్టు వెనక సందులో ఒక అవసరాన్ని పట్టుకున్నాడు. ఈ గుమాస్తాను ఊరంతా 'జతపరచండి గారు' అంటుంది. ఆయన నోటివెంట ఆ మాట తప్ప మరో మాట విన్నవాళ్లు తక్కువ.

ఆయన పట్టుకున్నది దర్జీ అక్కను. ఒకటే గది, ఒక కుట్టుమిషను, పైన రేకులు, రేకులకు ఏడు చిల్లులు. వాన పడితే ఏడు చిల్లుల కిందా ఏడు గిన్నెలు పెట్టి, మిషనును ఎనిమిదో చోటికి లాక్కుని కుడుతుంది. ఊళ్లో బడిపిల్లల తెల్ల చొక్కాలన్నీ ఆమె కుట్టినవే. తుప్పు నీళ్ల చుక్క ఒక్కటి పడిందంటే ఆ మరక చొక్కా చిరిగిపోయినా పోదు. "ఇంకొక్కసారి మరకలతో వచ్చాయంటే ఆర్డరు వేరేవాళ్లకి ఇచ్చేస్తాను" అని బడి పెద్దమ్మగారు తేల్చి చెప్పేసింది. ఆర్డరు పోతే అక్కకు అద్దె కట్టే దారి లేదు, పొయ్యి వెలిగే దారి లేదు. ఇందులో నవ్వుకోవడానికి ఏమీ లేదు గనక ముందుకు పోదాం.

జతపరచండి గారు ఆ ఇంటిని శాస్త్రీయంగా సర్వే చేశాడు. 'ఇంటిలోపల నీటి సరఫరా కలదా?' అన్నచోట 'కలదు, ఏడు చోట్ల' అని నింపాడు. గిన్నెలను వరసలో పెట్టించి, అక్కను మధ్యలో నిలబెట్టి, కొంచెం దిగులుగా చూడమని ఫొటో తీశాడు. పైకప్పును ఫైలులో నాలుగో అనుబంధంగా చూపించాడు. అనుబంధం అన్నాక ఫైలుకు జతపరచాలి, రేకులు ట్యాగుకు ఎక్కలేదు. అందుకని నిచ్చెన వేసుకుని పైకెక్కి, రేకుల మీద ఎర్ర రంగుతో 'అనుబంధం-4' అని రాసి, పక్కనే గుండ్రటి ఆఫీసు ముద్ర వేసి దిగాడు. ముద్ర గట్టిగా గుద్దినచోట ఎనిమిదో చిల్లు పడింది. ఆ ఫొటో చూసి రాజధానిలో ఒక పెద్ద అధికారి కళ్లు తుడుచుకున్నాడట. గ్రాంటు మంజూరైంది.

ఏటా బహిరంగ విచారణ కూడా జరుగుతుంది. మంగళవారం పదకొండింటికి, మూడో అంతస్తులో, లిఫ్టు పనిచేయని రోజు చూసి పెడతారు. మూడేళ్లుగా దానికి వచ్చే బహిరంగం దర్జీ అక్క ఒక్కతే. ప్రతిసారీ ఒకటే మాట చెబుతుంది. "ఇల్లు కురుస్తోందండీ. నాలుగు రేకులు మారిస్తే చాలండీ." మినిట్స్ పుస్తకంలో 'ప్రజలు పెద్ద సంఖ్యలో పాల్గొని హర్షం వెలిబుచ్చారు' అని రాస్తారు. మేం ఐదుగురం సంతకాలు పెడతాం.

ఈ ఏడు విచారణ అయ్యాక ఆమె వరండాలో గాజు పెట్టె ముందు చాలాసేపు నిలబడింది. "దీని కప్పు బాగుందండీ" అంది. తర్వాత జతపరచండి గారి బల్ల దగ్గరికి వెళ్లి నిలదీసింది.

"బాబూ, నా ఇంటి పేరు చెప్పి మూడుసార్లు డబ్బు తెచ్చుకున్నారు. నా రేకులెప్పుడు మారుస్తారు?"

ఆయన కళ్లజోడు తీసి, ఆ రోజుకి మనిషిలా మాట్లాడాడు. "అమ్మా, నీకెలా చెప్పాలో తెలియడం లేదు. నీ కప్పు అసలు పత్రం. ఫైలు నడుస్తుండగా అసలు పత్రంలో అక్షరం మార్చినా ఉద్యోగం పోతుంది. రేకులు మార్చడమంటే మాటలా?"

"ఫైలు ఎప్పుడు మూస్తారు మరి?"

"గ్రాంటు ఆగిపోయాక."

"ఆగిపోయాక రేకులు మారుస్తారా?"

"గ్రాంటు లేకుండా దేంతో మారుస్తామమ్మా?" అని ఆయన నిజంగా బాధపడ్డాడు. ఇంత చక్కగా అతికిన ఫైలు తన సర్వీసులో చూడలేదని ఆ తర్వాత నాతో అన్నాడు.

ఇదిలా ఉండగా, గ్రాంటు తెచ్చినందుకు మేయరు గారిని అభినందిస్తూ మేయరు గారే ఒక ఫ్లెక్సీ పెట్టించారు. నలభై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. అందులో ఆయన రెండు చేతులూ జోడించి నవ్వుతుంటారు. ఒక మూల దర్జీ అక్క గిన్నెల ఫొటో తపాలా బిళ్లంత ఉంటుంది. దళసరి సరుకు, డబుల్ పూత, ఐదేళ్లు గ్యారంటీ. అభినందన సభ అయిన మర్నాడు పెద్ద గాలి వీచి అది ఊడి, ఎగిరి, మార్కెట్టు వెనక సందులో పడింది.

పడ్డచోటును బట్టి చూస్తే గాలికి మా సంఘం కంటే నిబంధనలు బాగా తెలుసు. దర్జీ అక్క ఆ ఫ్లెక్సీని వేళ్లతో నలిపి చూసింది. గుడ్డ తెలిసిన మనిషి. చిరుగులకు మాసికలు వేసింది, నాలుగంచులూ మడిచి రెండు వరసల కుట్టు వేసింది, మూలలకు తాళ్లు కట్టి రేకుల మీద పరిచి బిగించింది. మేయరు గారు ఆకాశంకేసి చేతులు జోడించి వెల్లకిలా పడుకున్నారు. ఆ వారమంతా వాన. ఒక్క చుక్క లోపల పడలేదు. మూడేళ్లలో గ్రాంటు వల్ల పేదలకు జరిగిన మేలు ఇదొక్కటే. అందుకే కార్యాలయంలో గగ్గోలు పుట్టింది.

ఎందుకంటే తనిఖీ అధికారి గురువారం వస్తున్నాడు. అనుబంధం-4 కురుస్తోందో లేదో స్వయంగా చూస్తాడు. కురవకపోతే 'అవసరం' గడిలో సున్నా పడుతుంది. మేయరు గారు అత్యవసర సమావేశం పిలిచి, బల్ల గుద్ది మాట్లాడారు. "నగరం మొత్తం ఆ ఎనిమిది చిల్లుల మీద నిలబడి ఉంది! ఒక్క ఇంటి సుఖం కోసం లక్షలమంది పేదల గ్రాంటును బలిపెడతామా?"

ఫ్లెక్సీ తీసేయండి అనడం తేలికే. తీయడం ఎలా? దాన్ని విప్పాలంటే కప్పెక్కాలి, కప్పంతా మేయరు గారి ముఖం. ముఖం మీద కాలు పెట్టే ధైర్యం ఏ ఉద్యోగికీ లేదు. ఇంజనీరు గారు కాలు బెణికిందన్నారు. మేస్త్రీకి జ్వరం తగిలింది. అప్పుడు జతపరచండి గారు నిబంధనల పుస్తకం తిరగేసి, ప్రజాభాగస్వామ్యం అనే అధ్యాయం దగ్గర ఆగాడు. అందరూ మా ఐదుగురి వైపు చూశారు.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. ఈ ఏటి గ్రాంటులో మా వీధి చివర ఫౌంటెన్ ఒకటి ఉంది. పదకొండు బెంచీల మీద కూర్చుని దేన్ని చూడాలి అని మేమే అడిగాం.

బుధవారం పొద్దున్న ఐదుగురం దర్జీ అక్క గదికి వెళ్లాం. లోపల పొడిగా, వెచ్చగా ఉంది. గిన్నెలు బోర్లించి ఉన్నాయి. కుట్టిన చొక్కాలు నడుమెత్తున దొంతరగా పేర్చి ఉన్నాయి.

"అక్కా, రెండే రెండు రోజులు" అన్నాను. "అధికారి చూసి వెళ్లగానే మేమే కట్టిస్తాం."

"రెండు రోజులూ వానే తమ్ముడూ. నూట ఇరవై చొక్కాలు. శుక్రవారం ఇవ్వాలి. ఎక్కడ పెట్టుకోను?"

"ఏదైనా కప్పండి."

"కప్పాను కదా. అదే తీసేయమంటున్నారు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే మాకు కొంచెం సాయంగా ఉండేది. "ఇదుగో, పైనున్నది మీ పాపదే. కాలరు పెద్దదిగా పెట్టమని మీ ఆవిడ చెప్పి వెళ్లింది."

నాకు సిగ్గేసింది. చాలా సిగ్గేసింది. ఫౌంటెన్ పనులు మొదలయ్యేదాకా ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

చెప్పులు విడిచి కప్పెక్కాం. మేయరు గారి ముఖం మీద అడుగు పడకుండా చెవుల పక్కనుంచి నడిచి, తాళ్లు విప్పి, ఆయన్ని మర్యాదగా చుట్ట చుట్టి కిందకు దించాం. కింద మార్కెట్టు జనం చప్పట్లు కొట్టారు. దేనికో వాళ్లకీ తెలియదు.

గురువారం తనిఖీ అధికారి గొడుగు వేసుకుని వచ్చాడు. గదిలోకి వచ్చాక కూడా గొడుగు ముడవలేదు. ఎనిమిది గిన్నెల చప్పుడూ శ్రద్ధగా విన్నాడు. దర్జీ అక్క చొక్కాల దొంతర మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద తను వాలి, రెండు చేతులతో పొదివి పట్టుకుని ఉంది. "ఇంతటి నిజాయితీ గల దరఖాస్తు దేశంలో చూడలేదు" అని ఆయన గద్గద స్వరంతో అన్నాడు. గ్రాంటును రెట్టింపు చేయమని సిఫార్సు రాశాడు. మేయరు గారు ఆయనకు నమూనా గృహం బొమ్మ ఒకటి బహూకరించారు.

శుక్రవారం అరవై ఎనిమిది చొక్కాలకు మరకలు తేలాయి. బడి పెద్దమ్మగారు అన్నమాట నిలబెట్టుకుంది. నెల తిరక్కుండా దర్జీ అక్క మిషను తలమీద పెట్టుకుని, గదికి తాళం వేసి, ఎటో వెళ్లిపోయింది. మేయరు గారి ఫ్లెక్సీ అడిగితే ఇచ్చేవాళ్లమే, అడగలేదు. మా పాప చొక్కా వీపు మీద గోధుమరంగు మరక ఒకటుంది. ఎన్ని ఉతుకులు ఉతికినా అలాగే ఉంది. మా ఆవిడ అది ఆరేసినప్పుడల్లా మరకను నా వైపు తిప్పి ఆరేస్తుంది.

ఫౌంటెన్ మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. నీళ్లు ఎనిమిది చోట్లనుంచి పైకి లేచి కింద పడుతుంటాయి. సాయంత్రాలు మేమంతా బెంచీల మీద, కమ్మీలకు చెరోవైపూ కూర్చుని ఆ చప్పుడు వింటుంటాం.

ఇప్పుడొక చిక్కు వచ్చిపడింది. వచ్చే ఏటి దరఖాస్తు వచ్చింది, అవసరం గడి ఖాళీగా ఉంది. తాళం వేసిన ఇల్లు ఎంత కురిసినా లెక్కలోకి రాదు, కింద మనిషి తడవాలని నిబంధన. అందుకని మా సంఘం ఇంటింటికీ తిరిగి కప్పులు చూస్తోంది. ముందు మా ఇంట్లో చూశాను. వంటగది మూల చెమ్మ దిగుతోంది. జతపరచండి గారు ముద్ర పట్టుకుని రాకముందే మేస్త్రీని పిలిపించి, ఆ పూటకే బాగు చేయించేశాను.

మీ ఇల్లు గనక కురుస్తుంటే దయచేసి ముట్టుకోకండి. గిన్నె పెట్టి, కబురు చేయండి.