కంప్యూటరుకు పుత్తూరు కట్టు

ఈ దేశంలో కొత్త కంప్యూటర్లు పని చేస్తాయి, పాత కంప్యూటర్లు పరిపాలిస్తాయి. ఈ సంగతి నమ్మనివాళ్ళు పుత్తూరులో ఎరువుల కొట్టు మేడ మీదున్న ‘మగ్గాల పాత జాబితా సంరక్షణ ఉప కార్యాలయా’నికి ఒకసారి వెళ్ళి రావచ్చు. (మెట్లు పదిహేడు. పట్టుకోవడానికి కమ్మీ మంజూరైంది. దాన్ని బిగించడానికి మనిషి మంజూరు కాలేదు.)

ఆ ఆఫీసులో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు. 1996లో కొన్నారు. తెలుగు అక్షరాలు వచ్చేలా ఆ రోజుల్లోనే లోపల ప్రత్యేకంగా ఒక కార్డు పెట్టించారు. నగరి, పుత్తూరు చుట్టుపక్కల ఏ ఇంట్లో ఏ మగ్గం మీద ఎవరు నేసేవారో, ఆ జాబితా అంతా దాని కడుపులోనే ఉంది. ఇంకెక్కడా లేదు. కాగితాల మీద ఉండేది గానీ, కంప్యూటరు వచ్చిన సంబరంలో ఆ కాగితాల్ని చెదలకు అప్పగించేశారు.

మా వదిన వరదమ్మ నగరిలో మగ్గం నేస్తుంది. మా ఆవిడకు స్వయానా అక్క. మొగుడు పోయి పదేళ్ళయింది, ఇప్పటికీ మగ్గమే ఆధారం. ఈమధ్య ‘మగ్గం నీడ’ అని ఒక పథకం వచ్చింది. అరవై నిండేలోగా పేరు నమోదు చేసుకుంటే, ఆ తర్వాత బతికినంత కాలం పింఛను ఇస్తారు. అరవై నిండిన మర్నాడు వెళితే నమస్కారం పెట్టి పంపిస్తారు. నమోదంతా ఫోన్లో, యాప్ ద్వారానే. వేలు పెట్టమంది, పెట్టింది. మొహం చూపించమంది, చూపించింది. అంతా అయ్యాక, మీరు నేత కార్మికురాలేనని రుజువేమిటి అని అడిగింది. (నలభై అయిదేళ్ళు మగ్గం మీద నాడె విసిరిన చేతుల్ని కెమెరాకు చూపించింది పాపం. ‘చిత్రం అస్పష్టం. వేళ్ళు తిన్నగా ఉంచండి’ అని వచ్చింది.) రుజువంటే పుత్తూరు కంప్యూటరు నుంచి తెచ్చే జాబితా నకలు.

ఆమెకు అరవై నిండేది ఆగస్టు ఇరవయ్యో తేదీన. మేమిద్దరం ఆ పదిహేడు మెట్లూ ఎక్కింది జూలై రెండున. ఒక్క కాగితానికి నెలన్నర గడువు ఎందుకని మెట్ల మీద నవ్వుకున్నాం కూడా.

కంప్యూటరును చూడగానే నాకు భక్తి కలిగింది. దాని పుట్టుకకూ నేటి రోజుకూ మధ్య ఉన్న దూరమంతా అడాప్టర్లతో పూడ్చేశారు. అసలు కీబోర్డు ఎప్పుడో కాలం చేసింది. ఇప్పుడున్నది మొన్న కొన్న కీబోర్డు. దాని పల్చటి తోకకు ఒక అడాప్టరు, ఆ అడాప్టరు గుండ్రటి కొసకు మరో అడాప్టరు. చివరికది బొటనవేలంత ప్లగ్గుగా మారి కంప్యూటరు వీపులో దూరుతుంది. ఫ్లాపీలు దొరకడం మానేశాక ఫ్లాపీ పెట్టే నోట్లో ఒక చిన్న డబ్బా బిగించారు. అది పెన్ డ్రైవును మింగి, ‘నేను ఫ్లాపీనే’ అని కంప్యూటరుతో చెబుతుంది, కంప్యూటరు నమ్ముతుంది. (ఆ ఆఫీసులో అబద్ధమాడటానికి రాతపూర్వకమైన అనుమతి ఉన్నది దానికొక్కదానికే.) ప్రింటరు సూదులతో టకటకా గుద్ది అచ్చు వేసే రకం. దాని తోక కొసన పాతిక పిన్నులున్న వెడల్పాటి ప్లగ్గు ఉంటుంది.

ఈ సరంజామా అంతా సమకూర్చినవాడు గిరిప్రసాద్. పుత్తూరు వాడే. విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఇంట్లో పుట్టాడు. వాళ్ళ అన్న ఇప్పటికీ ఇంటి అరుగు మీద కట్లు కడుతుంటాడు, ఇతను మాత్రం ముసలి కంప్యూటర్ల మీద పడ్డాడు. పాకాలలో ఒక రైసుమిల్లు కాటా, ఐరాలలో ఒక బెల్లం మండీ బిల్లులు ఇతని భుజాన వేలాడే సంచీ మీదే బతుకుతున్నాయి. పట్టకారు, టంకం కడ్డీ, ఏ దుకాణంలోనూ దొరకని అడాప్టర్లు, అన్నీ ఆ సంచీలోనే ఉంటాయి.

ఆఫీసుకు పెద్ద సూపరింటెండెంటు దామోదరం గారు. ‘అనుసంధాన పరికరాల ధ్రువీకరణ అధికారి’ అన్న అదనపు బాధ్యత కూడా ఆయనదే. కొత్త వస్తువేదైనా ఆ కంప్యూటరును తాకాలంటే ఆయన ధ్రువీకరించాలి. అడాప్టరుకు రెండు కొసలుంటాయి కనుక రెండు దరఖాస్తులు పెట్టాలి. పాత కాలపు కొసకు ఒక విభాగం, కొత్త కాలపు కొసకు ఒక విభాగం అనుమతిస్తాయి. (మధ్యభాగం ఎవరి పరిధిలోకి వస్తుందన్నది కోర్టులో ఉంది.)

ఆ రోజు మాత్రం పని పది నిమిషాల్లో అయిపోయింది. ఆపరేటరు భానుశ్రీ మీట నొక్కింది, ప్రింటరు టకటకలాడింది, నకలు బయటికొచ్చింది. వరదమ్మ, మగ్గం నంబరు, వీధి, అన్నీ సరిగ్గా ఉన్నాయి. మా వదిన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. మెట్లు దిగకముందే నేను దాన్ని ఫోటో తీసి యాప్‌లోకి ఎక్కించాను. అర నిమిషంలో జవాబొచ్చింది.

‘ధ్రువపత్రం జారీ అయిన తేదీ 01-01-1980. ఆ తేదీ నాటికి మీ వయసు పద్నాలుగు. బాల కార్మికులకు ఈ పథకం వర్తించదు. మీకు సహాయం కావాలంటే సమీపంలోని బాలల సంరక్షణ కేంద్రాన్ని సంప్రదించండి.’

నాకు ఒళ్ళు మండింది. మా వదిన ఫోను తీసుకొని ఆ నాలుగు వాక్యాలూ మెల్లగా కూడబలుక్కుంటూ చదివింది.

“నిజమే గదా మరిదీ,” అంది. “ఆ ఏడే మా నాయన నన్ను బడి మానిపించి మగ్గం గుంటలో కూసోబెట్టింది. అప్పుడు ఎవురూ అడగలా. ఈ యంత్రం ఇప్పుడు అడగతా ఉండాది.”

మళ్ళీ పైకెక్కాం. గిరిప్రసాద్‌ను పిలిపించారు. అతను కంప్యూటరు మూత విప్పి ఒక్క చూపు చూసి తేల్చేశాడు.

“లోపల బిళ్ళ బ్యాటరీ ఒకటి ఉంటాది సార్. అది సచ్చిపోయినాది. అది లేకుంటే దీనికి దినమూ పొద్దున్నే ఎనభయ్యో సంవత్సరమే.”

“నేను చేత్తో ఈనాటి తేదీ కొట్టేస్తాను సార్,” అంది భానుశ్రీ.

దామోదరం గారు విచారంగా తల ఊపారు. “నువ్వు కొడితే అది ఆపరేటరు అభిప్రాయం అవుతాదమ్మా. కంప్యూటరు తనంతట తాను చెబితేనే తేదీ.”

మా వదిన కిందికి వెళ్ళి, వీధి చివర గడియారాల కొట్లో అలాంటి బ్యాటరీయే కొని, కొంగున ముడేసుకొని వచ్చింది. ముడి విప్పి బల్ల మీద పెట్టింది. దామోదరం గారు కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

“ఏం పని ఇది! ప్రభుత్వ కంప్యూటరుకు ప్రజలు కానుక ఇస్తే అది లంచమమ్మా. ఇది పుచ్చుకొన్నాదంటే దీని మీద విచారణ పెట్టాల. విచారణ అయ్యేదాకా దీన్ని సస్పెండు చెయ్యాల. మీ పనే ఆగిపోతాది, సూసుకోండి.”

బ్యాటరీ మళ్ళీ కొంగులోకి వెళ్ళింది. ఆఫీసు తరఫున బ్యాటరీ తెప్పించే ప్రక్రియ మొదలైంది. బ్యాటరీకీ రెండు వైపులుంటాయి గనుక యథావిధిగా రెండు దరఖాస్తులు పెట్టారు. కూడిక గుర్తున్న వైపుకు పన్నెండు రోజుల్లో అనుమతి వచ్చింది. తీసివేత గుర్తున్న వైపు గురించి మాత్రం పై అధికారులకు సందేహం కలిగింది. ప్రభుత్వ కార్యాలయంలోకి తీసివేతను ఎందుకు తీసుకొస్తున్నారో వివరించమని లేఖ రాశారు. దామోదరం గారు నాలుగు పేజీల వివరణ పంపారు. అందులో అక్షర దోషం ఒక్కటీ లేదని భానుశ్రీ నాతో చెప్పింది. జూలై నెల అలా గడిచిపోయింది. మా వదిన మూడుసార్లు వచ్చి వెళ్ళింది, వచ్చినప్పుడల్లా ఆ రోజు మగ్గం ఆగిపోయింది.

ఆగస్టు అయిదున బ్యాటరీ వచ్చింది. దానికి పసుపు రాసి కుంకుమ పెట్టారు. టెంకాయ కొట్టారు. గిరిప్రసాద్ దాన్ని లోపల కూర్చోబెట్టగానే తెర మీద ఈనాటి తేదీ ప్రత్యక్షమైంది. గదిలో అందరం చప్పట్లు కొట్టాం, నేను కూడా కొట్టాను. ఇక మూత విప్పేటప్పుడు ఊడదీసిన ప్రింటరు తోక తగిలిస్తే చాలు. శుభకార్యం కాబట్టి అది పెద్దవాళ్ళ చేతుల మీదుగానే జరగాలని దామోదరం గారు ముందుకొచ్చారు. ప్లగ్గును తలకిందులుగా పట్టుకొని బలంగా నొక్కారు. అది దూరలేదు. ఆయన హోదాకు తగినట్టు ఇంకొంచెం బలంగా నొక్కారు.

కటుక్కుమంది. పిన్నులు అయిదు వంగాయి, ఒకటి విరిగింది, ప్లగ్గు పైతొడుగు పగిలింది.

గిరిప్రసాద్ మాత్రం కంగారు పడలేదు. పట్టకారుతో వంగిన పిన్నులన్నీ తిన్నగా చేశాడు, విరిగినదానికి టంకం పెట్టాడు. పగిలిన తొడుగు విడిపోకుండా రెండు వెదురు బద్దలు ఆనించి, సంచీలోంచి పల్చటి గుడ్డ తీసి, వాళ్ళింట్లో ఎముకకు కట్టినట్టే చకచకా చుట్టి ముడి వేశాడు. చిన్నప్పటి నుంచి చేతికి అలవాటైన పని.

“అయిపాయె సార్. ఇప్పుడే అచ్చు తీసుకోండి,” అన్నాడు.

భానుశ్రీ మీట మీద వేలు పెట్టింది. దామోదరం గారు చెయ్యి పైకెత్తి ఆపారు.

“గిరీ, ఇప్పుడు నువ్వు కట్టింది ఏంది?”

“కట్టు సార్.”

“మీ ఇంట్లో కట్టు కట్టినాక ఎన్నాళ్ళు కదిలించకూడదంటారు?”

“మూడు వారాలు సార్. అయితే ఇది వైరు, ఎముక కాదు గదా...”

“రాసుకోమ్మా భానుశ్రీ. మూడు వారాలు.”

గిరిప్రసాద్ నోరు తెరిచాడు. దామోదరం గారు అతనికి పుత్తూరు గొప్పతనం వివరించారు. యాడాడి నుంచో జనం కార్లు కట్టించుకొని ఈడికి వస్తారు. పెద్ద డాక్టర్లు చెయ్యి తీసెయ్యాలన్నవాళ్ళు ఈడ కట్టు కట్టించుకొని ఆ చేత్తోనే దణ్ణం పెట్టి పోతారు. అంతటి కట్టును, అందులోనూ పుత్తూరు నడిబొడ్డున ఉన్న ప్రభుత్వ కార్యాలయమే, మొదటి రోజే కదిలిస్తే ఊరి మర్యాద ఏం గావాల? రేపు ఆ ప్లగ్గు వంకరగా అతుక్కుంటే సంతకం పెట్టేది ఎవరు?

“నా సంచీలో ఇంకో వైరు ఉండాది సార్. అది పెడతాను.”

“కట్టులో ఉండేవాడి కుర్చీలో ఇంకొకణ్ణి కూసోబెడితే ఆ మొదటివాడు కోర్టుకు పోడా?”

సాయంత్రానికల్లా ఉత్తర్వు తయారైంది. (చేత్తో రాశారు, ప్రింటరు సెలవులో ఉంది కదా.) కంప్యూటరుకు ఆగస్టు అయిదు నుంచి ఇరవై ఆరు వరకు పూర్తి జీతంతో వైద్య సెలవు. దానికి జీతం లేదన్న అభ్యంతరాన్ని నమోదు చేసుకున్నారు. ఆఫీసు వాళ్ళు సొంతంగా పథ్యం కూడా చేర్చారు. కట్టు ఉన్నవాళ్ళకు పులుపు మంచిది కాదని ఆ గదిలో పులిహోర తినడం నిషేధించారు. అదే గదిలో ఫ్యాను రెండో నంబరు దాటకూడదు. చుట్టపు చూపుగా వచ్చే ప్రజలు నాలుగు నుంచి అయిదు మధ్య తలుపు దగ్గర నిలబడి చూసి పోవచ్చు.

మేము ఆగస్టు పంతొమ్మిదిన, మంగళవారం, నాలుగింటికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాం. అదే ఆఖరి రోజు. కంప్యూటరు మీద తెల్ల దుప్పటి కప్పి ఉంది. పక్కనే కుర్చీ వేసుకొని దామోదరం గారు స్వయంగా కాపలా ఉన్నారు. భానుశ్రీ మా వైపు చూడలేక కిటికీ వైపు తిరిగింది. ఆ పిల్లదీ నగరి పక్క పల్లెటూరే, వాళ్ళ అమ్మ కూడా నేస్తుందని తర్వాత తెలిసింది.

మా వదిన చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆమె ఎవరినీ ఏమీ అడగడం నేను చూడలేదు. ఆ రోజు అడిగింది.

“ఒక్క కాగితం సామీ. రేపటికి నాకు అరవై నిండతాది. ఆ తరవాత నాకు ఏ ఆదరవూ లేదు. నా కండ్లు ఇంకో రెండేండ్లు పని చేస్తే గొప్ప.”

“నాకు మాత్రం బాధ లేదా తల్లీ? కట్టు ఉండాది గదా.”

“నాకీ కట్టు కట్టినారు సామీ, ఇదే ఊర్లో. సూడు, ఈ ఎడమ చెయ్యి. మూడో దినమే మగ్గం ఎక్కినా. ఎక్కకుంటే పిల్లోళ్ళకు కూడు యాడిది?”

దామోదరం గారు కళ్ళజోడు సవరించుకొని ఆమె చేతిని శ్రద్ధగా పరిశీలించారు.

“అందుకే వంకరగా అతుక్కున్నాది,” అన్నారు.

ఆ మాటకు నేను ఆయన మీద చెయ్యి చేసుకోవలసింది. చేసుకోలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేనూ ఇలాంటి కుర్చీలోనే కూర్చున్నాను, ఇలాంటి మాటలే అన్నాను. తల వంచుకొని వదిన వెనకే మెట్లు దిగాను. బస్సులో ఆమె ఒక్కసారి మాత్రం కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆగస్టు ఇరవై ఆరున కట్టు విప్పారు. వాళ్ళ అన్నను వెంటబెట్టుకొని వచ్చి గిరిప్రసాద్ ‘ఎముక చక్కగా అతికినది’ అని రాసిచ్చాడు. ఆఫీసు వాళ్ళు ఆ మాటలే కావాలన్నారట. కంప్యూటరు ఇంకా పని చేయగలిగిన స్థితిలో ఉన్నందున, వయసుతో నిమిత్తం లేకుండా మరో పదేళ్ళు దాని సేవలు వినియోగించుకోవాలని తీర్మానించారు. గదిలో పులిహోర పంచారు.

రెండు రోజులకు నగరికి రిజిస్టరు పోస్టులో ఒక కవరొచ్చింది. కోలుకున్నాక ఆ కంప్యూటరు అచ్చు వేసిన మొట్టమొదటి కాగితం అదే. అయిదు పిన్నులు వంగి, ఒకటి విరిగిన ప్లగ్గు గుండా వచ్చిందంటే ఎవరూ నమ్మరు. ఒక్క కొమ్ము చెదరలేదు, ఒక్క సున్నా పోలేదు. ‘వయసు మీరినందున తిరస్కరించడమైనది’ అన్న వాక్యాన్ని మా వదిన కళ్ళజోడు అవసరం లేకుండానే చదువుకుంది.